ఇన్సులిన్ వేసుకునేవాళ్లు అన్నం ఎలా తినాలి, సూది ఎలా వేసుకోవాలి

మా అమ్మకు ఇన్సులిన్ మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాది మా ఇంట్లో ఎవరికీ ఒక సంగతి తట్టలేదు. సూదిని డాక్టరు గారి లెక్కలో వదిలేశాం, అన్నాన్ని మా లెక్కలో పెట్టుకున్నాం. సూది రోజూ ఉదయం 22 పాయింట్లు (యూనిట్లని ఇంట్లో అలాగే అంటాం), రాత్రి 12. అన్నం మాత్రం ఆకలిని బట్టి, కూరని బట్టి, ఇంటికొచ్చిన చుట్టాన్ని బట్టి మారేది. షుగర్ 290 వస్తే మందు పనిచెయ్యట్లేదనుకున్నాం. 62 వస్తే మందు ఎక్కువైందనుకున్నాం. నిజానికి ఆ ఇంట్లో రోజూ ఒకేలా ఉన్నది మందు ఒక్కటే.

ఇన్సులిన్ ఉన్న ఇంట్లో సూదీ కంచం కలిసి నడవాలి. అదెలాగో మేం నేర్చుకున్న వరసలోనే చెబుతాను. డోసు పెంచడం, తగ్గించడం మీ డాక్టరు గారి పని. ఇక్కడ నేను రాసిన పాయింట్లు ఉదాహరణకి మాత్రమే, వాటిని చూసి మీ డోసు మార్చుకోకండి.

ముందు మీ సీసా మీద ఏం రాసి ఉందో చదవండి

చాలామంది ఇన్సులిన్ వేసుకుంటున్నామంటారు గానీ ఏ ఇన్సులిన్ అని అడిగితే చెప్పలేరు. అది తెలియకపోతే ఎప్పుడు తినాలో కూడా తెలియదు.

మన దగ్గర చాలామంది పెద్దవాళ్లకి రాసేది 30/70 మిక్స్, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. అందులో 30 శాతం త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్, 70 శాతం నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్. రెగ్యులర్ భాగం అరగంటకి మొదలై రెండు నుంచి నాలుగు గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. అది టిఫిన్ సంగతి చూసుకుంటుంది. ఎన్‌పీహెచ్ భాగం నాలుగో గంట నుంచి ఊపందుకుంటుంది. అంటే ఉదయం ఏడున్నరకి వేసుకున్న సూది మధ్యాహ్నం భోజనానికి కూడా పనిచేస్తుంది. మీరు తిన్నా తినకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. ఈ ఒక్క మాట మాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మామూలు 30/70 అయితే సూది వేసుకున్న అరగంటకి తినాలి. కొత్తరకం మిక్సులు, భోజనానికి ముందు వేసుకునే లిస్‌ప్రో, అస్పార్ట్ లాంటివి ఇంకా త్వరగా పనిచేస్తాయి కాబట్టి వాటికి కంచం ముందు కూర్చునే వేళకి, లేదా ఓ పది పదిహేను నిమిషాల ముందు చాలు. గ్లార్జిన్ లాంటి రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ని తిండితో ముడిపెట్టక్కర్లేదు, రోజూ ఒకే వేళకి వేసుకుంటే సరి. దాన్ని ఇంకో ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు.

మధ్యాహ్నం భోజనం టైము దాటనివ్వకండి

మూడేళ్ల కిందట తెనాలి దగ్గర ఒక పెళ్లికి వెళ్లాం. అమ్మ ఎప్పటిలాగే ఏడున్నరకి సూది వేసుకుని, ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు తిని బయల్దేరింది. ముహూర్తం పన్నెండు దాటాక. ఒంటిగంటకి భోజనాలన్నారు, రెండైంది, ఇంకా వడ్డన మొదలవలేదు. అక్షింతలు వెయ్యడానికి లేచినప్పుడు చూశాను, అమ్మ గుప్పిట్లోంచి బియ్యం గింజలు చీర మీదకి జారిపోతున్నాయి. "ఏంటమ్మా" అంటే "ఉక్కగా ఉందిరా" అంది. కూర్చున్నది ఫ్యాను కిందే. జాకెట్టు వీపంతా తడిసిపోయింది, మాట ముద్దగా వస్తోంది. షుగర్ మిషన్ ఇంట్లో ఉండిపోయింది. పక్క కుర్చీలో పిల్లాడు తాగుతున్న కూల్‌డ్రింక్ అడిగి తీసుకుని తాగించాం. ఇరవై నిమిషాలకి మనిషి మళ్లీ మామూలైంది.

ఉదయం వేసుకున్న ఎన్‌పీహెచ్ గట్టిగా పనిచేసే వేళ అది. కడుపులో మాత్రం ఎనిమిదింటి ఇడ్లీలు తప్ప ఏమీ లేవు.

అందుకే ఉదయం మిక్స్ వేసుకునేవాళ్లు భోజనం ఒంటిగంటకి అటూ ఇటూగా ముగించాలి. ఆలస్యమయ్యేలా ఉంటే పన్నెండున్నరకల్లా ఏదో ఒకటి తినేయండి, ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, చిన్న డబ్బాలో పెరుగన్నమో. ఇప్పుడు అమ్మ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా చేతిసంచిలో ఆ పెరుగన్నం డబ్బా ఉంటుంది. నలుగురిలో తినడానికి మొదట్లో మొహమాటపడేది. ఇప్పుడు ఓ మూలకి కుర్చీ లాక్కుని తినేస్తుంది.

రాత్రి సూదికీ ఇదే వర్తిస్తుంది. రాత్రి మిక్స్ వేసుకుని "ఆకలి లేదు, మజ్జిగ తాగి పడుకుంటాను" అంటే అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోతుంది. ఆకలి లేకపోతే ముందు ఆ మాట చెప్పాలి, సూది తరవాత.

అన్నాన్ని ఒక్క వారం కాటా మీద పెట్టండి

అన్నం మానెయ్యమని నేను చెప్పను. అరవై ఏళ్లు అన్నం తిన్న మనిషిని ఒక్కరోజులో చపాతీకి మారమంటే, నాలుగు రోజులు మారి, ఐదో రోజు రెండింతలు అన్నం తింటారు. మా ఇంట్లో జరిగింది అదే. మానడం కాదు, కొలవడం కావాలి.

మా అమ్మ ఎప్పుడూ "నేను తినేది రెండు గరిటెలేరా" అనేది. అబద్ధం కాదు, ఆవిడ నమ్మకం అది. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొని, చెప్పకుండా ఒకరోజు తూచాను. పప్పులోకి 150 గ్రాములు, చారులోకి 130, పెరుగులోకి 130. మొత్తం 410 గ్రాముల అన్నం. మన భోజనంలో ఉన్న చిక్కే ఇది. అన్నం ఒకేసారి కంచంలో కుప్పగా కనబడదు. పప్పుకి కొంచెం, చారుకి కొంచెం, పెరుగుకి కొంచెం, ప్రతిసారీ కొంచెమే.

లెక్క సులువు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, నీళ్లు ఎక్కువ తక్కువలని బట్టి కొంచెం మారుతుంది. 410 గ్రాములంటే 115 దాకా. మా డైటీషియన్ అమ్మకి పూటకి 180 గ్రాముల అన్నం చాలన్నారు, అంటే 50 గ్రాముల పిండిపదార్థం. మీ అంకె మీ వయసు, బరువు, పని, కిడ్నీల పరిస్థితిని బట్టి వేరుగా ఉండొచ్చు. ఒకసారి అడిగి రాయించుకోండి.

తరవాత చేయాల్సింది ఇది. ఒక చిన్న స్టీలు గిన్నె తీసుకోండి. అందులో మీ పూట అన్నం తూచి పెట్టండి. ఎంతవరకు వచ్చిందో చూసుకోండి. వారం తిరిగేసరికి కాటాతో పని ఉండదు, ఆ గిన్నే కొలత. మా అమ్మకి గిన్నె అంచుకి ఒక వేలు కిందికి వస్తుంది. ఆ గిన్నెడు అన్నాన్నే పప్పుకి, చారుకి, పెరుగుకి మూడు వంతులు చేసుకుంటుంది. మారు వడ్డన లేదు. ఆకలి తీరకపోతే కూర ఇంకాస్త. బీరకాయ, సొరకాయ, దొండకాయ, వంకాయ, బెండకాయ, తోటకూర, గోంగూర ఇవన్నీ ధారాళంగా తినొచ్చు. బంగాళాదుంప, చేమదుంప, కంద మాత్రం కూర పేరుతో ఉన్న అన్నమే అనుకోండి.

కంచం ముందు కూర్చున్నాక మొదట కూర, పప్పు నాలుగు ముద్దలు తిని ఆ తరవాత అన్నంలోకి వెళ్తే తిన్న తరవాత షుగర్ ఒక్కసారిగా ఎగరదు. మా అమ్మ దీన్ని ఒప్పుకోవడానికి నెల పట్టింది, "ఉత్త కూర ఎలా తింటార్రా" అని. కూరలో ఉప్పూ కారం తగ్గించాక తినగలిగింది.

బియ్యం రకం గురించి ఒక మాట. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన తెలంగాణ సోన, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది ఎంత త్వరగా షుగర్ పెంచుతుందో చెప్పే అంకె) 51 - 52 దగ్గర ఉంటుంది. మామూలు తెల్ల బియ్యం కంటే అది నిదానంగా షుగర్ పెంచుతుంది. దొరికితే వాడండి. కానీ పిండిపదార్థం దాంట్లోనూ అంతే ఉంటుంది. షుగర్ బియ్యం తెచ్చాం కదా అని ఇంకో గరిటె పెట్టుకున్నవాళ్లని నేను చూశాను.

రాగి, జొన్న విషయంలోనూ ఇదే పొరపాటు. పిండి 100 గ్రాములు తీసుకుంటే రాగి అయినా జొన్న అయినా గోధుమ అయినా 65 - 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, బియ్యంలో 78 దాకా. తేడా ఉంది గానీ, సంగటి ఎంతైనా తినొచ్చన్నంత లేదు. పైగా మెత్తటి రాగిపిండిని పల్చగా జావ కాచి తాగితే అది చాలా త్వరగా అరుగుతుంది. జొన్న రొట్టె నమిలి తినాలి కాబట్టి నాకు దానిమీదే నమ్మకం ఎక్కువ.

టిఫిన్‌కి పెసరట్టు మంచిదే, ఉప్మా పెట్టకుండా తింటే. ఇడ్లీ సైజుని బట్టి ఒక్కోటి పది గ్రాముల పిండిపదార్థం వేసుకోవచ్చు. మామిడి పండ్ల కాలంలో రెండు ముక్కలు తినాలనిపిస్తే తినండి, కానీ భోజనం మీద కాకుండా సాయంత్రం, విడిగా. భోజనంతోనే కావాలంటే ఆ పూట గిన్నెలో అన్నం తగ్గాలి.

సిరంజీ సీసా ఒకే నంబరువి అయి ఉండాలి

ఇది చిన్నగా కనబడుతుంది గానీ ప్రాణం మీదకి తెస్తుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి. ఇన్సులిన్ వేసుకునే పెన్ను కాట్రిడ్జుల్లో (లోపల పెట్టే మందు గొట్టాల్లో) ఉండేది 100 యూనిట్లది, 100 సిరంజికి నారింజ మూత ఉంటుంది. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి. పెన్ను పాడైందని కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మానెయ్యండి. మందుల షాపులో సిరంజి అడిగేటప్పుడు "ఇన్సులిన్ సిరంజి" అని ఊరుకోకుండా నంబరు చెప్పి అడగండి, ఇచ్చాక మూత రంగు చూసుకోండి.

సూది వేసుకునే పద్ధతి

చేతులు కడుక్కోండి. 30/70 సీసా తెల్లగా, అడుగున మడ్డితో ఉంటుంది. దాన్ని గిలక్కొట్టకండి. రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, తర్వాత మెల్లగా పదిసార్లు తిరగెయ్యండి. పాలలా ఒకే తెలుపు రావాలి. గింజల్లా ఉన్నా, సీసా గోడకి మంచు పట్టినట్టు అంటుకుని ఉన్నా పారెయ్యండి. కలపకుండా లాగితే ఒకరోజు త్వరగా పనిచేసే భాగం ఎక్కువ, ఇంకోరోజు నెమ్మదిది ఎక్కువ వస్తాయి. రెగ్యులర్, గ్లార్జిన్ లాంటివి నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే వాడకూడదు.

పెన్ను అయితే ముందు 2 యూనిట్లు బయటికి వదిలి చూడండి, సూది కొసన చుక్క కనబడాలి. గుచ్చి, మీట పూర్తిగా నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు తియ్యండి.

ఎక్కడ వేసుకోవాలంటే పొట్ట మీద బొడ్డుకి రెండు అంగుళాల దూరంలో, లేదా తొడ బయటివైపు. ఒకే చోట వద్దు. నొప్పి తెలియదని మా అమ్మ బొడ్డుకి ఎడమ పక్క ఒకేచోట రెండేళ్లు వేసుకుంది. నర్సమ్మ చేత్తో తడిమి చూస్తే అక్కడ నిమ్మకాయంత మెత్తటి గడ్డ. అలాంటి గడ్డలో వేసిన మందు ఒకరోజు సగమే ఒంటికి అందుతుంది, ఇంకోరోజు ఆలస్యంగా అందుతుంది. షుగర్ కారణం లేకుండా పైకీ కిందికీ ఊగుతుంటే మొదట పొట్టని వేళ్లతో తడిమి చూసుకోండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గడ్డ నుంచి మంచి చర్మానికి మారినప్పుడు పాత డోసే ఎక్కువైపోవచ్చు, డాక్టరు గారికి చెప్పి మార్చండి, ఆ వారం తరచూ షుగర్ చూసుకోండి. ఇప్పుడు మేం పొట్టని నాలుగు భాగాలు అనుకుని వారానికొక భాగం వాడుతున్నాం, ఆ భాగంలో కూడా నిన్నటి చోటికి ఒక వేలు పక్కకి.

షుగర్ పడిపోతే

70 కంటే తక్కువ వస్తే అది లో షుగర్. చెమట, వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, చిరాకు, మాట తడబడటం దాని గుర్తులు. పెద్దవాళ్లలో ఊరికే విసుక్కోవడం కూడా గుర్తే కావచ్చు. మిషన్ దగ్గర లేకపోతే ఉందనే అనుకుని ముందుకెళ్లండి.

మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. పైకి వచ్చాక, భోజనానికి ఇంకా టైముంటే నాలుగు బిస్కెట్లో ఒక ఇడ్లీయో తినాలి. చాక్లెట్, లడ్డు ఇవ్వకండి, వాటిలో కొవ్వు వల్ల తీపి ఆలస్యంగా ఒంటికి పడుతుంది. పిండిపదార్థం నెమ్మదిగా అరిగేలా చేసే వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వాడేవాళ్లకి పంచదార సరిగా పనిచెయ్యదు, వాళ్ల దగ్గర గ్లూకోజ్ పొడే ఉండాలి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి, షుగర్ పేషెంటు, ఇన్సులిన్ మీద ఉన్నారని మొదటి మాటగా చెప్పండి.

తిండిలో, సూదిలో మార్పు లేకుండానే లో షుగర్లు మొదలైతే కిడ్నీ పరీక్ష చేయించాలి. కిడ్నీ బలహీనపడితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. షుగర్ తగ్గిపోతోందని సంతోషించి ఊరుకునే ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను.

పరగడుపున 240 వచ్చిందని రాత్రి డోసు మీరే పెంచెయ్యకండి. రెండు రాత్రులు అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి చూడండి. అప్పుడు తక్కువ ఉంటే అర్థం వేరు, ఎక్కువ ఉంటే అర్థం వేరు. ఆ రెండు అంకెలు డాక్టరు గారికి పనికొస్తాయి.

ఎండాకాలం, కరెంటు పోయినప్పుడు

తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్‌కి ఆనించకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చల్లటి గదిలో బయట ఉండొచ్చు గానీ, విజయవాడ, రామగుండం ఎండల్లో ఇంట్లోనే 35 దాటుతుంది కాబట్టి మే నెలలో అదీ ఫ్రిజ్‌లోనే ఉంచి, వేసుకునే ముందు కాసేపు బయట పెట్టుకోవాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద మట్టి కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, దాంట్లో సీసాని పొడి డబ్బాలో పెట్టి, పైన తడి గుడ్డ కప్పండి. ఇసుక ఆరకుండా చూసుకోవాలి. ఎండలో ఆపిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలకండి.

తెరిచిన సీసా ఎక్కువ రకాలకి నాలుగు వారాలే. 40 సీసా 10 మిల్లీలీటర్లదైతే అందులో 400 యూనిట్లుంటాయి. రోజుకి 10 పాయింట్లు వేసుకునేవాళ్లకి అది 40 రోజులొస్తుంది, అంటే మిగిలింది పారెయ్యాల్సిందే. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి.

జ్వరం, వాంతులు, ఉపవాసం

జ్వరమొచ్చి తినలేకపోతే చాలామంది సూది పూర్తిగా ఆపేస్తారు. తినకపోయినా జ్వరంలో షుగర్ పెరుగుతుంది. నాలుగు గంటలకోసారి చూస్తూ, ఆ అంకెలు ఫోన్‌లో డాక్టరు గారికి చెప్పి ఎంత వెయ్యాలో అడగండి. గంజి, పల్చటి మజ్జిగ కొంచెం కొంచెంగా పడుతూ ఉండాలి. చిన్నప్పటినుంచే షుగర్ ఉన్న టైప్ 1 పిల్లలకి ఇన్సులిన్ ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు, ఆపితే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రమాదంలో పడతారు. వాంతులు ఆగకపోయినా, షుగర్ 300 దాటి దిగకపోయినా, కడుపునొప్పితో ఊపిరి ఎగబీలుస్తున్నా ఇంట్లో ఉండొద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కార్తీక సోమవారాలైనా, రంజాన్ అయినా, ఉపవాసం ఉండాలనుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరు గారిని అడగాలి. రోజూ వేసే మిక్స్ వేసుకుని పగలంతా పస్తుండటం మాత్రం ఎవరికీ కుదరదు. మా అమ్మ కార్తీకంలో దీపం పెట్టి, ఫలహారం తిని, సూది వేళకి సూది వేసుకుంటుంది. ఆవిడ సొంత నిర్ణయం అది, మేం చెప్పింది కాదు.

డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లే పుస్తకం

పిల్లల రూళ్ల పుస్తకం ఒకటి చాలు. తేదీ, సూది టైము, పాయింట్లు, తిన్న టైము, గిన్నె నిండుగానా సగమా, షుగర్ అంకె, అన్నీ ఒకే వరసలో రాయండి. రోజూ ఐదుసార్లు వేలు పొడుచుకోవడం, స్ట్రిప్పులు కొనడం అందరివల్లా కాదు. సోమవారం పరగడుపున, మంగళవారం టిఫిన్ తిన్న రెండు గంటలకి, బుధవారం మధ్యాహ్నం భోజనానికి ముందు, గురువారం పడుకోబోయే ముందు, ఇలా మార్చి మార్చి చూసినా రెండు వారాల్లో బొమ్మ తెలుస్తుంది. వేలు పొడిచే ముందు చెయ్యి కడిగి తుడుచుకోండి. మామిడిపండు తిన్న చేత్తో చూస్తే లేని 300 కనబడుతుంది.

సాధారణంగా పరగడుపున 80 - 130, తిన్న రెండు గంటలకి 180 లోపు అని పెట్టుకుంటారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకీ, తరచూ లో షుగర్ వచ్చేవాళ్లకీ డాక్టర్లు ఈ హద్దు కొంచెం పైకి పెడతారు. మా అమ్మకి 76 ఏళ్లు, ఆవిడ పుస్తకం అట్ట మీద డాక్టరు గారు ఎర్ర పెన్నుతో రాసిన అంకె 100 - 150. పక్కనే ఇంకో మాట రాశారు, "భోజనం ఒంటిగంటకి".